కొవ్వు కరగడంలో కండకెంత, పరుగుకెంత

బాడీబిల్డింగ్‌లో కొవ్వు కరిగించడం అంటే చిక్కిపోకుండా సన్నబడటం. ఈ తేడా చెప్పడానికి తెలుగులో మాటలు ఎప్పటినుంచో ఉన్నాయి. ‘ఒళ్లు చేశాడు’ అంటే కొవ్వు చేరిందని, ‘కండ పట్టాడు’ అంటే బలం చేరిందని వినేవాడికి విడమరిచి చెప్పనక్కర్లేదు. జ్వరం పడి లేచినవాణ్ణి ‘చిక్కిపోయాడు’ అంటారు. పోయిన బరువులో కండ కూడా ఉందన్న సంగతి ఆ మాటలోనే ఉంది. బరువు తూచే యంత్రానికి మాత్రం ఈ తేడా తెలియదు. రెండు కిలోలు తగ్గితే రెండు కిలోలనే చూపిస్తుంది, అందులో కొవ్వెంతో కండెంతో చెప్పదు. జిమ్ముల్లో ‘కటింగ్’ అని పిలిచే, కొవ్వు తగ్గించుకునే దశలో కార్డియో మేలా, బరువులెత్తడం మేలా అని నడిచే వాదం చాలా మటుకు ఆ యంత్రాన్ని నమ్ముకున్నందువల్ల పుట్టిందే.

కొవ్వు శరీరం దాచుకున్న ఇంధనం. ఒక కిలో ఒంటి కొవ్వులో దాదాపు 7,700 కిలోకేలరీల శక్తి ఉంటుంది. తిన్నదానికంటే ఖర్చు ఎక్కువైనప్పుడే శరీరం ఆ నిల్వను ముడుతుంది. కరిగిన కొవ్వు చెమటగా కారిపోతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి అది ఎక్కువగా ఊపిరిలో పోతుంది. పది కిలోల కొవ్వు పూర్తిగా ఖర్చయితే సుమారు 8.4 కిలోలు బొగ్గుపులుసు వాయువుగా ముక్కులోంచి వెళ్లిపోతుంది, మిగతా 1.6 కిలోలు నీరవుతుంది. ప్లాస్టిక్ కోటు తొడుక్కుని ఎండలో పరుగెత్తేవాడు పోగొట్టుకునేది నీరు. చెంబెడు నీళ్లు తాగగానే ఆ బరువు తిరిగొస్తుంది.

కార్డియో అంటే గుండె, ఊపిరితిత్తులు చాలాసేపు ఒకే తీరున పనిచేసే వ్యాయామం. నడక, పరుగు, సైకిలు, ఈత ఈ కోవలోవి. తెనాలి నుంచి విజయవాడ వెళ్లే రైలు దారిలో ఉన్న కొలకలూరు లాంటి కృష్ణా డెల్టా ఊళ్లలో దీనికి ట్రెడ్‌మిల్ అవసరం లేదు, కాలవ కట్టలున్నాయి. డెబ్బై కిలోల మనిషి గంటకు ఐదు కిలోమీటర్ల చొప్పున గంటసేపు నడిస్తే సుమారు 240 కిలోకేలరీలు ఖర్చవుతాయి. ఇందులో ఊరికే కూర్చున్నా ఖర్చయ్యే డెబ్బై కూడా కలిసే ఉన్నాయి. అరగంట పరుగుకు 290 దాకా అవుతాయి. ఇక రెండో వైపు లెక్క: ఉడికిన అన్నం 100 గ్రాముల్లో 130 కిలోకేలరీలుంటాయి. మారు వడ్డించుకున్న రెండు గరిటెల అన్నం, గంట నడక ఇంచుమించు సరికి సరి. తిండి ఏమీ మార్చకుండా నడక ఒక్కదానితో కిలో కొవ్వు పోవాలంటే, ఆ డెబ్బై తీసేసి లెక్కేస్తే, దాదాపు నలభై ఐదు గంటలు నడవాలి. నడక ముగించి హోటల్లో రెండు గారెలు, ఒక టీ పుచ్చుకునేవాళ్లకు ఆ కిలో ఎన్నటికీ పోదు.

బరువులెత్తే వ్యాయామం ఆ గంటలో ఖర్చు చేయించేది కూడా గొప్పేమీ కాదు. సెట్‌కూ సెట్‌కూ మధ్య కూర్చునే సమయం కలుపుకుంటే గంటకు 250 నుంచి 400 కిలోకేలరీలు. అందుకే దాని తరఫున జిమ్ముల్లో మరో వాదన వినిపిస్తుంది: కండ పెరిగితే నిద్రలో కూడా కొవ్వు కరుగుతుందని. ఈ మాటలో నిజం ఉంది గానీ ప్రచారమైనంత లేదు. విశ్రాంతిలో కిలో కండ రోజుకు ఖర్చు చేసేది సుమారు 13 కిలోకేలరీలు, కిలో కొవ్వు ఖర్చు నాలుగున్నర. ఏడాదంతా కష్టపడి నాలుగు కిలోల కండ కట్టినవాడికి దానివల్ల రోజుకు అదనంగా పోయేది నాలుగు చెంచాల పంచదారలో ఉన్నంత కూడా కాదు. వ్యాయామం అయ్యాక కూడా గంటల తరబడి కొవ్వు మండుతూనే ఉంటుందన్న మాటా ఇలాంటిదే. ఆ మంట ఉంటుంది, కానీ కసరత్తులో అయిన ఖర్చులో పదో వంతు, కాస్త అటూ ఇటూ.

అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయం 2012లో ప్రచురించిన పరిశోధన ఈ తగువును నేరుగా తూచింది. అధిక బరువున్న, వ్యాయామం అలవాటు లేని పెద్దవాళ్లను మూడు జట్లు చేసి, ఎనిమిది నెలల పాటు ఒక జట్టు చేత కార్డియో, ఒక జట్టు చేత బరువులు, మూడో జట్టు చేత రెండూ చేయించారు. చివరిదాకా నిలిచినవాళ్లు 119 మంది. కొవ్వు విషయంలో కార్డియో జట్టు సుమారు ఒకటిన్నర కిలోలు పోగొట్టుకుంది, బరువుల జట్టుకు చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కండ విషయంలో ఫలితం తిరగబడింది. బరువులెత్తినవాళ్లకు కిలో దాకా కండ పెరిగింది, కార్డియో జట్టుకు ఏమీ పెరగలేదు. రెండూ చేసినవాళ్లకు రెండూ దక్కాయి. అయితే వాళ్లకు సమయం కూడా రెట్టింపు పట్టింది. ఇంకో సంగతి, ఇందులో ఎవరి చేతా తిండి తగ్గించలేదు. ఎనిమిది నెలల శ్రమకు పోయింది ఒకటిన్నర నుంచి రెండున్నర కిలోలేనంటే, కొవ్వు తరిగేది ముందు కంచం దగ్గర. అక్కడ కోత పడ్డాక శరీరం కొవ్వుతో పాటు కండనూ కరిగించుకోవడానికి సిద్ధపడుతుంది. ఈ కండ పనిలోనే ఉందని శరీరానికి రోజూ గుర్తుచేయడమే బరువుల అసలు పని. కార్డియో ఖర్చును ఇంకొంచెం పెంచి, గుండెకు దమ్మునిస్తుంది.

జిమ్ములు రాకముందు తెలుగు నేల మీద ఈ రెండు పనులూ వేర్వేరుగా లేవు. కోస్తా ఊళ్లలో తాలింఖానా అనే చోటు ఉండేది. ఉర్దూ నుంచి వచ్చిన ఆ మాటకు శిక్షణ ఇచ్చే ఇల్లు అని అర్థం. గుల్లగా తవ్విన మట్టి గోదా, గోడకు ఆంజనేయస్వామి పటం, మూలన గదలు, కర్రలు, గుండ్రాళ్లు. అక్కడి పాఠం దండీలతో మొదలయ్యేది. దండీకి అరచేతులు భుజాల వెడల్పున నేలకు ఆనించి, నడుము పైకెత్తి, తల రెండు చేతుల మధ్యకు వంచుతారు. అక్కణ్ణుంచి రొమ్ము నేలకు వేలెడు ఎత్తున ముందుకు జారుతుంది, పాము పడగెత్తినట్టు తల లేస్తుంది, నడుము మళ్లీ వెనక్కి వెళ్లి మొదటి చోటికి చేరుతుంది. రొమ్ము, భుజాలు, దండచేయి, నడుము ఒకే కదలికలో పనిచేస్తాయి. బస్కీలో మడమలు లేపి, పిక్కలకు తొడలు తగిలేదాకా కూర్చుని లేస్తారు. చేతులు గడియారం లోలకంలా ముందుకూ వెనక్కూ ఊగుతుంటాయి. ఇవి పదీ ఇరవైతో ఆగేవి కావు, వందల లెక్కన నడిచేవి. మొదటి ఇరవై ముప్ఫై కండకు పని. ఆ తర్వాత ఊపిరి ఎగదన్నుతుంది, గుండె దడదడలాడుతుంది, అదే కసరత్తు కార్డియోగా మారుతుంది. ఆపకుండా గట్టిగా తీస్తే అరగంట దండీలు, బస్కీల ఖర్చు అరగంట పరుగుకు తీసిపోదు.

దీని పరిమితి కూడా ఇక్కడే ఉంది. కండ పెరగాలంటే దాని మీద పడే భారం నెలనెలా పెరగాలి. దండీలో మోసేది ఎప్పుడూ ఒంటి బరువే, అందులోనూ ఒక వంతు కాళ్ల మీదకు పోతుంది. వందల లెక్కన తీయగలిగినవాడికి దమ్ము పెరుగుతుంది గానీ కొత్త కండ అంతగా పట్టదు. పాతవాళ్లకు ఇది తెలియక కాదు. అందుకే బరువైన గద తిప్పారు, వీపు మీద మనిషిని కూర్చోబెట్టుకుని దండీలు తీశారు. ఉత్తరాంధ్రలో సంగిడి రాళ్లు ఎత్తే పోటీలు పెట్టుకున్నారు. వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో పెరిగి, మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొందిన కోడి రామ్మూర్తి నాయుడు ఈ సంప్రదాయం నుంచి వచ్చిన మల్లుడే. ఆయన సర్కస్ కట్టి, రొమ్ము మీద ఏనుగును నిలబెట్టుకుని, ఇనుప గొలుసులు తెంచి ‘కలియుగ భీముడు’ అనిపించుకున్నారు. ఆయన శాకాహారి. మాంసం లేనిదే కండ రాదనేవాళ్లు ఆ సంగతి మరిచిపోతుంటారు. తర్వాతి తరంలో కృష్ణా జిల్లా గండిగుంటకు చెందిన దండమూడి రాజగోపాలరావు బార్‌బెల్ పట్టారు. 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడల్లో హెవీవెయిట్ విభాగంలో కాంస్యం తెచ్చారు. 1963లో వచ్చిన ‘నర్తనశాల’లో భీముడు ఆయనే. విజయవాడ ఇండోర్ స్టేడియానికి ఆయన పేరే పెట్టారు. బార్‌బెల్ తెచ్చిన మేలు ఒక్కటే, చాలా పెద్దది: రెండు వైపులా కలిపి రెండున్నర కిలోల బిళ్లలు తగిలిస్తే భారం రెండున్నర కిలోలే పెరుగుతుంది. రాయితో ఆ లెక్క కుదరదు.

వ్యాయామం అని పేరు పెట్టకుండానే రెండూ చేసినవాళ్లు తెనాలి, రేపల్లె, బాపట్ల ప్రాంతంలో ఎప్పుడూ ఉన్నారు. మిల్లుల దగ్గర ముఠా కూలీ 75 కిలోల ధాన్యం బస్తాను వీపున వేసుకుని, బల్లచెక్క మీదుగా లారీలోకి ఎక్కుతాడు. మెడ కిందా భుజాల మధ్యా అతనికి మెరక కట్టిన కండ ఏ యంత్రం మీదా వచ్చింది కాదు. నాట్లు, కోత, కుప్ప నూర్పిడి ఒకప్పుడు ఊరందరికీ ఉన్న కార్డియో. ఇప్పుడు వరికోత మిషను గంటలో ఎకరం పూర్తిచేస్తోంది. ఒంటి పని పోయింది, కంచంలో అన్నం మాత్రం అంతే ఉంది. ఒళ్లు చేయడానికి ఇంతకంటే వేరే కారణం వెతకక్కర్లేదు.

కంచంలో తగ్గాల్సింది అన్నం, పెరగాల్సింది మాంసకృత్తులు. మామూలు మనిషికి కిలో ఒంటి బరువుకు రోజుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు చాలని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క. తిండి తగ్గించి బరువులెత్తేవాడికి అది 1.6 నుంచి 2.2 గ్రాములు కావాలి. డెబ్బై కిలోలవాడికి 112 గ్రాముల పైమాటే. రోజుకు 600 గ్రాముల అన్నం తింటే అందులో వచ్చేది పదహారు గ్రాములు. ఒక గుడ్డుకు ఆరు. కృష్ణా డెల్టాకు ఇక్కడ సొంత సరుకు ఒకటుంది. కోతకు రెండు మూడు రోజుల ముందు, నిలిచిన వరిలోనే, నేల తడి ఆరకముందే చల్లే మినుము. వంద గ్రాముల మినప్పప్పులో ఇరవై గ్రాములకు పైగా మాంసకృత్తులున్నాయి. కండ కోసం సున్నుండలు తినాలన్న పెద్దవాళ్ల మాటకు ఆధారం అదే. కటింగ్‌లో ఉన్నవాడు మాత్రం సున్నుండను పక్కన పెట్టాలి, అందులో మినుముకు తోడు బెల్లం, నెయ్యి ఉన్నాయి. చేప, కోడి రొమ్ము, పెరుగు, ఉడికించిన సెనగలు అంత నెయ్యి లేకుండానే ఆ పని చేస్తాయి.

రెండు వ్యాయామాలూ ఒకరే చేసేటప్పుడు ఒకదాని కాలు ఒకటి తొక్కుకునే ప్రమాదం ఉంది. పరిశోధకుడు రాబర్ట్ హిక్సన్ 1980లో పది వారాల పరీక్షలో దీన్ని చూపించాడు. వారానికి ఐదు రోజులు బరువులూ, ఆరు రోజులు కఠినమైన సైక్లింగ్, పరుగూ కలిపి చేసినవాళ్ల బలం ఏడో వారం దాకా పెరిగి, ఆ తర్వాత వెనక్కి జారింది. కార్డియో పేరెత్తితేనే కండ పోతుందని కొందరు బాడీబిల్డర్లు బెదిరేది ఇందుకే. కానీ ఆ మోతాదు మామూలు మనిషిది కాదు. వారానికి మూడు నాలుగు రోజులు బరువులు, మిగతా రోజుల్లో అరగంట, ముప్పావుగంట నడక లేదా సైకిలు పెట్టుకుంటే ఇబ్బంది లేదు. రెండూ ఒకే పూట చేయాల్సివస్తే బరువులు ముందు, కాళ్లు అలిసిపోయే పరుగు తర్వాత. పరగడుపున పరుగెత్తితేనే కొవ్వు కరుగుతుందనేది నమ్మకమే. 2014లో ఇరవై మంది స్త్రీలతో నాలుగు వారాలు జరిపిన పరీక్షలో, తిని చేసినవాళ్లకూ తినకుండా చేసినవాళ్లకూ తేడా కనిపించలేదు. పొట్ట కసరత్తుతో పొట్ట కొవ్వు ఒక్కటే పోదు. కొవ్వు ఎక్కడ ముందు తరగాలో శరీరమే తేల్చుకుంటుంది. చాలామంది మగవాళ్లకు బొర్ర తగ్గేది ఆఖరునే.

పోటీకి దిగని మనిషికి కూడా ఈ లెక్కలతో పనుంది. భారతీయులకు చూడటానికి సన్నగా ఉన్నా పొట్ట లోపల కొవ్వు చేరే తత్వం ఎక్కువ. అందుకే నడుము చుట్టుకొలత మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటకూడదని హద్దు పెట్టారు. గుండె జబ్బు, రక్తపోటు, మోకాళ్ల అరుగుదల ఉన్నవాళ్లు డాక్టరుకు చూపించుకుని, తేలిక బరువులతో, నడకతో మొదలుపెట్టాలి. తగ్గే వేగం వారానికి ఒంటి బరువులో అర శాతం నుంచి ఒక శాతం దాకా ఉంటే చాలు, డెబ్బై కిలోలవాడికి 350 నుంచి 700 గ్రాములు. వేగం అంతకు మించినా, బార్‌బెల్ మీద మోసే బరువు వారం వారం పడిపోతున్నా కండ కరుగుతోందన్నమాట. అప్పుడు కార్డియో తగ్గించి, కంచంలో పప్పు పెంచాలి. బరువు యంత్రం ముల్లు కదలకున్నా మొలతాడు కిందికి జారుతుంటే ఏదీ మార్చనక్కర్లేదు. మూడు వారాలు ఈ రెండూ కదలకపోతే పూటకు గుప్పెడు అన్నం తగ్గించడమో, కాలవ కట్ట మీద మరో పావుగంట నడవడమో చేయాలి.