బెంచీలు సరే, మనుషులేరి?

1998 నవంబరులో నాటి ప్రధాని వాజ్‌పేయి హైదరాబాద్‌లో సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. అదే ఏడాది గచ్చిబౌలిలో ట్రిపుల్ ఐటీ మొదలైంది. తొలి రోజుల్లో ఐబీఎం, ఒరాకిల్ లాంటి కంపెనీలు ఆ ప్రాంగణంలోనే తమ పేరిట స్కూళ్లు నడిపాయి. చదువుకూ కొలువుకూ అప్పుడే పొత్తు కుదిరింది. కుదిరింది ఇంజినీరింగు వాళ్లకే.

పక్కనున్న సర్కారు హైస్కూళ్లకు వచ్చినవి వేరు: బెంచీలు, కంప్యూటర్లు, గోడలకు రంగులు, ఓ మూల కంపెనీ లోగో. ఇందులో కంపెనీల పిసినారితనమేమీ లేదు. కంపెనీల చట్టంలోని సీఎస్ఆర్ (సామాజిక బాధ్యత) నిబంధన కింద పెద్ద కంపెనీలు మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం ఖర్చుపెట్టాలి. బెంచీకి బిల్లుంటుంది. ఉద్యోగి బడికొచ్చి గడిపిన గంటలకు వెలకట్టి ఆ ఖాతాలో చూపడం కుదరదని 2021లో కేంద్రం తేల్చి చెప్పింది. ఇక మనుషులెందుకు వస్తారు? బెంచీలే వస్తాయి.

బడికీ కంపెనీకీ మధ్య మాట కలిపే పనిలో నాకు తెలిసిందొకటే. ‘ఏమిస్తారు?’ అని అడిగితే హెచ్ఆర్ వాళ్లు చెక్కు గురించి ఆలోచిస్తారు. ‘ఎవర్ని పంపుతారు?’ అంటే కాసేపు తడుముకుంటారు. ఆ తడబాటు మంచిదే, అసలు మాటలు అక్కడే మొదలవుతాయి.

పంపేదీ కోడింగు వాళ్లనే అనుకుంటారు, అదో జబ్బు. ప్రతి టవర్‌లోనూ చిల్లర్లు, జనరేటర్లు, యూపీఎస్ గదులు, ఫైర్ పంపులు ఉంటాయి. వాటిని నడిపే టెక్నీషియన్ ఎనిమిదో తరగతి పిల్లాడికి వేడి, పీడనం, విద్యుత్తు పాఠాలు చేత్తో ముట్టుకుని చూపించగలడు. ఆ భవనాల్లోనే హౌస్‌కీపింగు, సెక్యూరిటీ చేసే తల్లిదండ్రుల పిల్లలు ఈ బళ్లలో ఎందరో! అమ్మ రోజూ లోపలికి వెళ్లే గేటు పిల్ల మాత్రం దాటలేదు.

2020 జాతీయ విద్యా విధానం 6 నుంచి 8 తరగతుల పిల్లలు పది రోజులు సంచీ లేకుండా వడ్రంగి, కుమ్మరి, తోటమాలి దగ్గర పని చూడాలంటోంది. మన వీధి వడ్రంగి ఈ ఏసీ ప్లాంటు మేస్త్రీయే.

హెడ్మాస్టర్లకు ఒక మనవి. ఈసారి కంపెనీకి రాసే ఉత్తరంలో బెంచీల కంటే ముందు ఆ టెక్నీషియన్ల పని చూసే ఫెసిలిటీ మేనేజరును అడగండి. పిల్లలు వెళ్లి పని చూడటానికి నెలకో శనివారం చాలు. ఆ రోజు ఆఫీసుల్లో జనం ఉండరు, మెయింటెనెన్సు పని ఉంటుంది. రెండో శనివారం తప్పిస్తే మీ బడీ ఉంటుంది.