రిజిస్టర్లో లేని కాలమ్

మన జిల్లా విశ్వవిద్యాలయాల్లో, వాటి కింద నడిచే డిగ్రీ కాలేజీల్లో ఇప్పుడు 'మెంటర్' అన్న మాట వినబడని రోజు ఉండదు. ఇరవై ముప్ఫై మంది విద్యార్థుల్ని ఒక అధ్యాపకురాలికి అప్పగిస్తారు. వాళ్ల హాజరు, మార్కులు, మంచీచెడూ ఆమె చూసుకోవాలి. వినడానికి ఎంత బాగుందో! ఈ పనికి ఒక రిజిస్టరు కూడా ఉంటుంది. సాహిత్యం పాఠాలు చెప్పి బతికేదాన్ని కాబట్టి ఏ కాగితం చేతికొచ్చినా ఇందులో మాట్లాడుతున్నదెవరు, మాట దక్కనిదెవరికి అని వెతకడం నాకు అలవాటు. కథల్నీ కవితల్నీ స్త్రీవాద దృష్టితో చదువుతున్నాం కదా, ఆడపిల్లల చదువుల్ని శాసించే ఈ రిజిస్టర్ని మాత్రం ఒక రచనగా ఎందుకు చదవకూడదు?

పేరు, హాల్‌టికెట్ నంబరు, తండ్రి పేరు, తండ్రి ఫోను నంబరు, హాజరు శాతం, ఇంటర్నల్ మార్కులు, బ్యాక్‌లాగులు, చివర 'రిమార్కులు'. నేను చూసినవన్నీ దాదాపు ఇలాగే ఉన్నాయి. రిమార్కుల కింద ఎక్కువగా కనిపించే వాక్యం 'కౌన్సెలింగ్ ఇవ్వబడింది'. ఎవరు ఇచ్చారు? ఏం చెప్పారు? ఆ అమ్మాయి ఏమంది? ఆ కర్మణి వాక్యం ఇవన్నీ మింగేసింది. చెప్పినవాళ్లూ లేరు, విన్నవాళ్లూ లేరు, సలహా మాత్రం జరిగిపోయింది. 2017లో న్యాక్ తెచ్చిన మూల్యాంకన పద్ధతిలో మెంటర్లకూ విద్యార్థులకూ ఉన్న నిష్పత్తి ఒక కొలమానమైంది. నిష్పత్తి కాగితం మీద లెక్కకి అందుతుంది. ఆ ఇద్దరి మధ్యా నడిచిన మాట అందదు. అందుకే బృందం వచ్చే ముందు ఒక్క వారంలో మూడేళ్ల రిమార్కులు ఒకే సిరాతో నిండిపోవడం కొత్త సంగతేం కాదు.

మన సాహిత్యంలో ఈ సలహాదారు పాత్రకి మూలపురుషుడు గిరీశం. 1892లో మొదట ప్రదర్శించిన 'కన్యాశుల్కం'లో వెంకటేశం పరీక్ష పోయినా గురువుగారి ఉపన్యాసాలకి లోటు రాలేదు. బుచ్చమ్మకీ ఆయన బోధించాడు, తన లాభం చూసుకునే బోధించాడు. మనం గిరీశాన్ని చూసి నవ్వుకుంటూ నాటకం చివర జరిగినదాన్ని అంతగా పట్టించుకోం. బుచ్చమ్మని పూనాలోని విడోస్ హోముకి చదువుకోవడానికి పంపే ఏర్పాటు సౌజన్యారావు పంతులు చేస్తాడు. ఆ నిర్ణయమూ మగవాళ్లే తీసుకున్నారన్న విమర్శ ఉండనే ఉంది. అయినా తేడా చూడండి. గిరీశం ఇచ్చింది మాట. అక్కడ దొరికింది ఉండటానికి చోటు. సలహా వేరు, ఆసరా వేరు. నూరేళ్లు దాటాక కూడా మన రిజిస్టర్లు గిరీశం పక్షానే ఉన్నాయి. ఎంతమందికి సలహా ఇచ్చారో రాయమంటాయిగానీ ఎంతమందికి హాస్టల్లో సీటు దొరికిందో అడగవు.

నిజానికి మా అమ్మాయిలకి మొదటి సలహాదారు మెంటర్ కాదు, నెట్ సెంటర్ అబ్బాయి. తెలంగాణలో 2016 నుంచి డిగ్రీ ప్రవేశాలు 'దోస్త్' ద్వారా ఆన్‌లైన్లో జరుగుతున్నాయి. పేరు నమోదుకి ఆధార్‌తో ముడిపడిన ఫోను ఉండాలి. ఆ ఫోను చాలా ఇళ్లలో నాన్నదో అన్నదో. ఓటీపీ ఎవరి చేతికి వస్తే ఎంపికా వాళ్ల చేతుల్లోకే పోతుంది. ఏ కాలేజీ, ఏ కాంబినేషన్ అన్నది నెట్ సెంటర్ కుర్చీలో పది నిమిషాల్లో తేలిపోతుంది. చరిత్ర చదవాలనుకున్న పిల్ల ఊరి బస్సు ఆగే కాలేజీలో బీకామ్ కంప్యూటర్స్‌లో తేలుతుంది. ఛాయిస్ బేస్డ్ క్రెడిట్ సిస్టమ్ అని పేరు పెట్టుకున్నాం. ఛాయిస్ ఎవరిదో రాయడానికి కాలమ్ లేదు!

రిజిస్టర్లో నన్ను బాగా కలవరపెట్టే మాట 'ఇర్రెగ్యులర్'. ఈ ఒక్క మాట వెనక ఎన్ని బతుకులు నలిగిపోతున్నాయో! పత్తి ఏరే రోజుల్లో కూలికి వెళ్లిన పిల్ల ఇర్రెగ్యులర్. అమ్మకి ఆపరేషనైతే వంటంతా నెత్తిన వేసుకున్న పిల్ల ఇర్రెగ్యులర్. నీళ్లు రాని మరుగుదొడ్డికి భయపడి నెలలో నాలుగు రోజులు ఇంట్లోనే ఉండిపోయే పిల్లా ఇర్రెగ్యులరే. 75 శాతం హాజరు లేకపోతే పరీక్షకీ, స్కాలర్‌షిప్‌కీ ఇబ్బందే. కారణాలన్నీ ఇంట్లో, ఊళ్లో, కాలేజీ గోడల్లో ఉంటే తప్పు మాత్రం ఆ పిల్ల పేరు పక్కన రాస్తున్నాం.

ఇక పెళ్లి. 2014లో మొదలైన కల్యాణలక్ష్మి పథకం కింద వధువుకి పద్దెనిమిదేళ్లు నిండితే ప్రభుత్వం సాయమిస్తుంది. 51 వేలతో మొదలై 2018 నాటికి 1,00,116 రూపాయలైంది. బాల్యవివాహాల్ని ఆపడం దాని ఉద్దేశాల్లో ఒకటన్నది కాదనను. పేద తల్లికి ఆ డబ్బు విలువేమిటో నాకూ తెలుసు. కానీ పద్దెనిమిదేళ్లంటే డిగ్రీ మొదటి సంవత్సరం. ఒకే వయసులో ఒకే పిల్ల ముందు రెండు తలుపులున్నాయి. ఒకదాని దగ్గర డబ్బు పట్టుకుని ప్రభుత్వం నిలబడి ఉంది. రెండోదాని దగ్గర ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయి రాలేదని సర్టిఫికెట్లు ఇవ్వనంటున్న కాలేజీ నిలబడి ఉంది. ఆ పిల్లకి మెంటర్ ఇచ్చే కౌన్సెలింగ్ ఏముంటుంది?

నేను పనిచేసిన ఒకచోట, విద్యార్థి మూడు రోజులు రాకపోతే తండ్రి ఫోనుకి మెసేజ్ వెళ్లే ఏర్పాటు చేశారు. విద్యార్థుల విజయం కోసమేనన్నారు. రెండో ఏడాది చదివే అమ్మాయి ఒకతె బ్యాంకు పరీక్ష కోచింగ్ కోసం వారంలో రెండు రోజులు పట్నం వెళ్లేది. మధ్యలో జ్వరం వచ్చినట్టుంది, వరసగా రాలేదు. మెసేజ్ వెళ్లింది. 'కాలేజీ పేరు చెప్పి ఎక్కడ తిరుగుతోంది?' అన్నది ఇంట్లో ప్రశ్న. దసరా సెలవులు అయ్యేసరికి పెళ్లి కుదిరింది. అబ్బాయిల ఇళ్లకీ అవే మెసేజ్‌లు వెళ్లాయి. వాళ్లకి తిట్లు పడ్డాయి, చదువులు ఆగలేదు. ఒకే నియమం ఒకరికి తిట్టు, ఇంకొకరికి తాళి. మీటింగులో ఈ మాట అన్నప్పుడు జవాబు రాలేదు, మినిట్స్‌లోకీ ఎక్కలేదు. ఆ ఏడాది రిజిస్టర్లో ఆమె పేరు పక్కన ఎర్ర సిరాతో 'డిస్‌కంటిన్యూడ్' అని ఉంది.

ఈ పని చేసేదెవరో కూడా చూడాలి. 'ఆడపిల్లల సంగతి కదా, మీరే చూసుకోండి మేడమ్' అంటారు. వినడం, ఓదార్చడం, ఇంటికెళ్లి తల్లితో మాట్లాడటం, హాస్టల్ వార్డెన్ని బతిమాలడం, ఇవన్నీ స్త్రీలకి సహజంగా వచ్చేస్తాయని వాళ్ల నమ్మకం. ఈ మేడమ్‌లలో చాలామంది గంటల లెక్కన జీతం తీసుకునే గెస్ట్ లెక్చరర్లు, ఏటా రెన్యువల్ కోసం ఎదురుచూసే కాంట్రాక్టువాళ్లు. పాఠం చెప్పిన గంటకి లెక్క ఉంది, ఏడ్చే పిల్ల పక్కన కూచున్న గంటకి లేదు. ఇంటిచాకిరీకి కూలి లేదని ఎన్నేళ్లుగా రాస్తున్నాం! అదే చాకిరీ కాలేజీలోకి వచ్చి 'మెంటరింగ్' అని ఇంగ్లీషు పేరు పెట్టుకుంది. తన ఉద్యోగమే నిలకడలేని మనిషి ఇంకొకరికి ఏ భరోసా ఇవ్వగలదు?

పి. సత్యవతిగారి 'ఇల్లలకగానే' కథ పాఠం చెప్పినప్పుడల్లా నాకీ రిజిస్టర్ గుర్తొస్తుంది. ఇల్లలికి అలికి తన పేరే మర్చిపోయిన గృహిణి కథ. చదువుకున్న మనిషే. ఎవర్నడిగినా ఏదో ఒక వరస చెబుతారు, పేరు చెప్పరు. చివరికి చిన్ననాటి స్నేహితురాలు ఆమెని గుర్తుపట్టి, పేరు చెప్పి, ఒకప్పుడు ఏమేం బాగా చేసేదో గుర్తుచేస్తుంది. ఉపదేశమేమీ చేయదు. నా దృష్టిలో మన కథల్లో అసలైన మెంటర్ ఆ స్నేహితురాలే. మా రిజిస్టర్లో ఒక విద్యార్థినికి ఏం రాదో రాయడానికి మూడు కాలమ్‌లున్నాయి, ఏమొచ్చో రాయడానికి ఒక్కటీ లేదు. రేపు ఎవరైనా ఆమె పేరు ఆమెకి గుర్తుచేయాలంటే ఆ కాగితాల్లో ఏం దొరుకుతుంది?

2020 జాతీయ విద్యావిధానం చదువు మధ్యలో ఆగినా ఏడాదికి సర్టిఫికెట్, రెండేళ్లకి డిప్లొమా అంది. మళ్లీ చేరవచ్చనీ అంది. బయటికి వెళ్లే దారి ఆడపిల్లలకి ఎప్పుడూ తెరిచే ఉంది. దానికి కొత్తగా ద్వారబంధం కట్టనక్కర్లేదు. చంకలో బిడ్డతో తిరిగి వచ్చిన అమ్మాయికి సీటు, హాస్టలు, స్కాలర్‌షిప్ ఎలా ఇస్తారో చెప్పండి. నా లెక్కలో విజయమంటే అది.

మెంటరింగ్ వద్దని నేననను. దానికి కాస్త అధికారం ఇవ్వమంటున్నాను. హాజరు మినహాయింపు కోసం మెంటర్ సంతకం చెల్లాలి. ఇంటికి మెసేజ్ వెళ్లే ముందు విద్యార్థినిని అడగాలి. ఆమె నమ్మే మనిషి ఎవరో, ఆ నంబరు ఆమే ఇవ్వాలి, అది అమ్మ కావచ్చు, అక్క కావచ్చు, స్నేహితురాలు కావచ్చు. వినే గంటలు పని గంటల్లో కలవాలి. ఇవేవీ కోట్లు అడిగేవి కావు. ఇక రిజిస్టర్లో ఒక కొత్త కాలమ్, 'ఆమె ఏమంది?' అని. ఆ గడి మన చేతిరాతతో కాదు, ఆమె చేతిరాతతో నిండాలి.