చైత్యకులు దారి తప్పారా? – ఒక పరిశీలన

బుద్ధుడు బోధించిన సరళమైన మార్గాన్ని తరువాతి శాఖలు పూజలతోను, విగ్రహాలతోను నింపి దారి తప్పించాయనే అభిప్రాయం పాఠ్యగ్రంథాలలో తరచుగా కనిపిస్తుంది. పరీక్షలో రాయడానికి ఇది సులువైన వాక్యమే. కాని ఆంధ్రదేశంలో దొరికిన ఆధారాలతో పోల్చి చూస్తే ఇది పూర్తిగా నిలవదు.

మార్పు జరిగిన మాట నిజం. బుద్ధుని పరినిర్వాణం తరువాత సుమారు 100 ఏళ్లకు వైశాలిలో జరిగిన రెండవ సంగీతిలో వివాదమంతా వినయ నియమాల చుట్టూ తిరిగింది. కొమ్ములో ఉప్పు దాచుకోవచ్చా, వెండి బంగారాలు స్వీకరించవచ్చా అన్నవి అక్కడి పది అంశాలలో ఉన్నాయి. రెండూ కూడవని సంగీతి తీర్పు చెప్పింది. అయినా అమరావతి స్తూపానికి శిల్పాలు దానమిచ్చినవారిలో గృహస్థులతోపాటు భిక్షువులు, భిక్షుణులు కూడా ఉన్నారని శాసనాలు చెబుతున్నాయి. తన భౌతికకాయానికి చేసే పూజ గురించి పట్టించుకోవద్దని, దానిని గృహస్థులు చూసుకుంటారని బుద్ధుడు ఆనందునికి చెప్పినట్లు మహాపరినిర్వాణ సూత్రంలో ఉంది. ఆచరణ ఆ మాటను దాటి వెళ్లిందని గ్రహించవచ్చు.

అయితే ఈ మార్పును ఒక శాఖకే అంటగట్టడం సరికాదు. అమరావతిలో చైత్యక శాఖ ఉన్నట్లు పులుమావి కాలపు శాసనం తెలుపుతుంది. చైత్యం పేరునే ధరించిన ఈ శాఖవారు చైత్యపూజ వల్ల గొప్ప ఫలం కలగదని భావించినట్లు, చైనా, టిబెటన్ అనువాదాలలో లభిస్తున్న వసుమిత్రుని గ్రంథం పేర్కొంటుంది. అంటే గ్రంథం ఒకటి చెబుతుంటే, రాయి మరొకటి చెబుతోంది.

ఇక నాగార్జునకొండను చూడండి. ఇక్ష్వాకుల కాలంలో, అంటే క్రీ.శ. 3-4 శతాబ్దాలలో, ఆ ఒక్క లోయలోనే అపరమహావినసేలియ, బహుశ్రుతీయ, మహీశాసక శాఖలవారు నివసించారు. సింహళ మహావిహారానికి చెందిన స్థవిరవాదులు కూడా అక్కడే ఉన్నారు. మూల సంప్రదాయాన్ని చెక్కుచెదరకుండా కాపాడామని చెప్పుకొన్నది ఈ స్థవిరవాదులే. వారి పేరున్న శాసనం బుద్ధపాదాలు చెక్కిన ఫలకం మీద దొరికింది. అంటే పూజా చిహ్నాలు వారి విహారంలోకీ ప్రవేశించాయి.

మరొక విషయం మరువరాదు. అంధక శాఖల అభిప్రాయాలు మనకు ఎక్కువగా ‘కథావత్థు’, దాని వ్యాఖ్యానం ద్వారానే తెలుస్తున్నాయి. అవి ప్రత్యర్థులైన స్థవిరవాదుల రచనలు. ప్రతివాది వాదనను వాది నోటనే విని తీర్పు చెప్పలేము కదా!

కాబట్టి “ఏ శాఖ దారి తప్పింది?” అనే ప్రశ్న కంటే “ఏ నియమం, ఎవరి ఆచరణలో, ఏ ఆధారం ప్రకారం మారింది?” అనే ప్రశ్న మేలైనది.

ఆలోచించండి: గ్రంథం, శాసనం పరస్పరం విభేదించినప్పుడు మీరు దేనిని, ఎందుకు ప్రమాణంగా తీసుకుంటారు?