తీసిన ఫోటో, దిగిన ఫోటో: గోదావరి డెల్టా ఛాయాచిత్రణలో తొంగిచూపు

వ్యాససంగ్రహం:
గోదావరి డెల్టాను చిత్రించే యాత్రా ఛాయాచిత్రాలలోను, నిత్యజీవిత ఛాయాచిత్రాలలోను తొంగిచూపు తరచుగా కనిపించే దృశ్యం. తలుపు చాటు ముఖం, కిటికీ చువ్వల వెనుక కళ్ళు, లాంచీ అంచున వంగిన పిల్లల తలలు ఇందుకు ఉదాహరణలు. ఈ చూపును కేవలం ముచ్చటగా చదవడం ఎంతవరకు సమంజసమో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. తెలుగు నుడికారంలోని పదభేదాలు, డెల్టా ఇంటి, కాలువ నిర్మాణం, ‘సితార’ చలనచిత్రం, స్నానఘట్టాల ఛాయాచిత్రణ ఆధారంగా ఈ చర్చ సాగుతుంది.

కీలకపదాలు: ఛాయాచిత్రం, తొంగిచూపు, పొంచిచూపు, గడప, రేవు, సమ్మతి, సితార, పుష్కరాలు.

1. ఉపోద్ఘాతం:
ఛాయాచిత్రాన్ని గురించి తెలుగు వాడుకలో రెండు క్రియలున్నాయి. కెమెరా పట్టినవారు ఫోటో ‘తీస్తారు’. కెమెరా ముందు నిలిచినవారు ఫోటో ‘దిగుతారు’. ‘దిగు’ అనే క్రియకు కర్త చిత్రంలో ఉన్న మనిషే. పెళ్ళిలో ఫోటో దిగడం, పుష్కరాలకు వెళ్ళి గోదావరి గట్టున కుటుంబంతో ఫోటో దిగడం అన్న మాటల్లో ఆ మనిషి ఇష్టం, సిద్ధపాటు అంతర్లీనంగా ఉన్నాయి. తనకు తెలియకుండా చిత్రంలోకి వచ్చిన మనిషి ఫోటో దిగినట్టు కాదు. ఆ ఫోటో తీయబడింది, అంతే. తొంగిచూపు ఛాయాచిత్రాల విలువను నిర్ణయించడానికి వాడుకభాషలోని ఈ భేదమే తగిన ప్రాతిపదిక.

2. తొంగిచూపు - పొంచిచూపు:
చాటుగా చూడడాన్ని తెలుగు ఒకే మాటతో చెప్పదు. తొంగిచూడడం వేరు, పొంచిచూడడం వేరు. తొంగిచూసేవారు మెడ సాచి తల బయటపెడతారు. చూస్తున్నంతసేపూ తామూ ఎదుటివారి కంటపడే అవకాశం ఉంటుంది. పొంచిచూసేవారు తమ ఉనికిని పూర్తిగా దాచుకుంటారు. మొదటిదానిలో కుతూహలం, దానితోపాటు బిడియం ఉన్నాయి. రెండవదానిలో మాటువేయడం ఉంది.

హెన్రీ కార్టియే-బ్రెస్సాన్ 1932లో బ్రస్సెల్స్‌లో తీసిన ప్రసిద్ధ ఛాయాచిత్రం ఈ భేదాన్ని స్పష్టం చేస్తుంది. అందులో ఇద్దరు పురుషులు ఒక గుడ్డతెర ముందు నిలబడి ఉంటారు. ఒకరు తెరలోని సందులోంచి లోపలికి చూస్తుంటారు. రెండవవారు ఎవరైనా తమను గమనిస్తున్నారేమో అన్నట్టు పక్కకు చూపు తిప్పి ఉంటారు. తెర వెనుక ఏముందో చిత్రం చూపదు. చూడబడుతున్న వస్తువు నుంచి చూస్తున్న మనిషి మీదికి ప్రేక్షకుని దృష్టి మళ్ళడమే ఈ చిత్రంలోని విశేషం. ఇతరులను చాటుగా చూసేవారు తామూ చూడబడతారన్న ఎరుక ఇందులో ఉంది.

కెమెరాలో వేటాడే గుణం ఉందని సూసన్ సొంటాగ్ 1977 నాటి తన గ్రంథంలో వాదించారు. ఆ గుణం పొంచిచూపుకు చక్కగా వర్తిస్తుంది. తొంగిచూపుకు దానిని యథాతథంగా అన్వయించడం కష్టం. దూరం నుంచి పట్టే జూమ్ లెన్సుకు, ఆకాశం నుంచి చూసే డ్రోనుకు సాచవలసిన మెడ లేదు. అందుచేత ఆ పరికరాలు తొంగిచూడలేవు, పొంచిచూడగలవు.

3. గడప లోపలి చూపు:
గోదావరి జిల్లాల పాత మండువా ఇళ్ళలో వీధి అరుగు చాలాకాలం మగవారి కూడలి. ఊరి తగవులు, వ్యవసాయపు లెక్కలు, రాజకీయాలు అక్కడే నడిచేవి. స్త్రీలకు వీధి తలుపు చాటు, కిటికీ చువ్వల వెనుక చోటు మిగిలేది. అంటే తొంగిచూపు స్వభావం వల్ల పుట్టినది మాత్రమే కాదు; ఇంటి కట్టడి వల్ల కూడా పుట్టినది. తలుపు చాటు నుంచి చూస్తున్న స్త్రీ చిత్రం కింద ‘పల్లె అమాయకత్వం’ అని రాయడం సులభం. అయితే ఆమె అరుగు మీదికి ఎందుకు రాలేదన్న ప్రశ్నను ఆ వ్యాఖ్య కప్పివేస్తుంది.

ఘోషాకు, కెమెరాకు మధ్య ఉన్న ఈ చిక్కు ఛాయాచిత్రణ తొలిదశలోనే ఎదురయింది. నిజాం ఆస్థాన ఛాయాగ్రాహకుడు లాలా దీన్ దయాళ్ 1892లో హైదరాబాదులో స్త్రీల కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో ఏర్పాటు చేసి, దాని నిర్వహణను ఒక ఆంగ్ల మహిళకు అప్పగించారు. అది సంపన్న వర్గాలకే పరిమితమైన ఏర్పాటు, ఘోషాను ప్రశ్నించిన ఏర్పాటు కూడా కాదు. అయినా అక్కడి స్త్రీలు ఎవరి ముందు ఫోటో దిగుతున్నారో తెలిసి దిగారు. తలుపు చాటున దొరికిన చిత్రానికి ఆపాటి సౌలభ్యం కూడా లేదు.

4. ‘సితార’: చిత్రానికి ఇచ్చిన సమ్మతి, కథకు ఇవ్వని సమ్మతి:
గోదావరి ప్రాంతపు కళాకారుల కృషిలో ఈ సమస్యను సూటిగా తడిమిన రచన వంశీ దర్శకత్వంలో 1984లో వచ్చిన ‘సితార’. ఆయన నవల ‘మహల్‌లో కోకిల’ దీనికి ఆధారం. ఎం.వి. రఘు ఛాయాగ్రహణం అందించారు. వంశమర్యాద పేరిట మహల్ దాటరాని జమీందారీ యువతి, ఊరూరా తిరిగే పగటివేషగాడు, తరువాత ఆమెకు తారసపడే ఛాయాగ్రాహకుడు కథలో కీలకపాత్రలు.

మొదటి భాగంలో యువతికి లోకం ఒక సందులోంచి మాత్రమే కనిపిస్తుంది. రెండవ భాగంలో ఈ స్థితి తలకిందులవుతుంది: లోకమంతా ఆమెను చూస్తుంది. ఈ మార్పుకు సాధనం కెమెరా. మోడల్‌గా, నటిగా ఆమె తెలిసి ఫోటో దిగింది. తన గతాన్ని మాత్రం ఎవరికీ తెలియనివ్వవద్దని కోరుకుంది. ఆ గతం పత్రికకెక్కడంతో ఆమె జీవితం కుదేలవుతుంది. మహల్ గోడలు ఆమె చూపును బంధించగా, బయటి లోకపు కుతూహలం ఆమె మౌనాన్ని ఛేదించింది. ముఖాన్ని చూపడానికి ఒప్పుకున్నంత మాత్రాన జీవితాన్ని విప్పడానికి ఒప్పుకున్నట్టు కాదని ఈ కథాగమనం నిరూపిస్తుంది. సమ్మతి ఒక్కసారి ఇచ్చి వదిలేసేది కాదన్న గ్రహింపు ‘సితార’ను ప్రేమకథ స్థాయిని దాటించింది.

5. రేవు: ఎవరి చోటు?
1847-52 మధ్య ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో ధవళేశ్వరం ఆనకట్ట నిర్మాణం జరిగాక కాలువలు డెల్టా జీవితాన్ని మలిచాయి. అనేక గ్రామాల్లో కాలువ గట్టే రోడ్డు, ఆ గట్టు దిగితే రేవు. బట్టలుతకడం, గిన్నెలు తోమడం, స్నానం, పశువులను కడగడం అన్నీ దారినపోయేవారి కంటికి ఆనే చోటే జరుగుతాయి. ఊరివారి మధ్య దీనికి ఒక కట్టుబాటు ఉంది: రేవు పక్కగా పోయేవారు చూపు తిప్పుకుని పోతారు. కారు ఆపి కెమెరా ఎత్తే యాత్రికునికి ఈ కట్టుబాటు తెలియదు. నలుగురూ చూడగల చోటు కనుక ఎవరైనా తీయవచ్చునన్నది అతని తర్కం. నిజానికి ఆ చోటును అందరిదిగా నిలబెడుతున్నది ఊరివారు పాటించే చూపు మర్యాదే.

రాజమహేంద్రవరం పుష్కర ఘాట్, కోటిలింగాల ఘాట్ వంటి స్నానఘట్టాల విషయంలో ఈ ప్రశ్న మరింత పదునెక్కుతుంది. 2013లో భారత శిక్షాస్మృతిలో చేరిన 354సి సెక్షను, దాని స్థానంలో 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షను స్త్రీలను చాటుగా చూడడాన్ని, చిత్రించడాన్ని నేరంగా పరిగణిస్తున్నాయి. అయితే ఏకాంతం ఉంటుందని సహేతుకంగా ఆశించగల చోటు అన్న భావన ఆ నిర్వచనంలో ప్రధానమైనది. వేలమంది మధ్య తడిచీరతో గట్టెక్కుతున్న స్త్రీకి ఆ రక్షణ ఎంతవరకు అందుతుందన్నది వాదానికి తావిచ్చే విషయం. అదే చట్టంలోని మరొక వివరణ గమనించదగినది: చిత్రీకరణకు ఒప్పుకున్నా, పంపిణీకి ఒప్పుకోకపోతే పంపిణీ నేరమవుతుంది. ‘సితార’ కథలోని వేదనకు ఈ వివరణ దగ్గరగా ఉంది.

చట్టం చేరలేని చోటుకు భాష చేరగలదు. ఘట్టంలో స్త్రీ ‘దిగింది’ గోదావరిలోకి, ఫోటోలోకి కాదు. రెండు దిగడాలనూ ఒకటిగా భావించడమే ఇక్కడ జరుగుతున్న అపచారం.

6. సహజత్వం గురించిన ఆక్షేపం:
చెప్పి తీస్తే సహజత్వం పోతుందని ఛాయాగ్రాహకులు చెప్పే మాటలో కొంత నిజం ఉంది. కెమెరాను చూడగానే నిటారుగా నిలబడి, నవ్వు పులుముకునేవారు తక్కువేమీ కాదు. జాతరలు, ఊరేగింపుల వంటి సందర్భాలలో ప్రతి ఒక్కరినీ అడగడమూ సాధ్యం కాదు. కనుక ముందస్తు అనుమతినే ఏకైక ప్రమాణంగా పెట్టుకుంటే నిత్యజీవిత ఛాయాచిత్రణకే చోటుండదు.

అయితే ఛాయాగ్రాహకుడు లేనట్టు నటించే చిత్రం మాత్రమే సహజమనడం సరికాదు. నరసాపురం - సఖినేటిపల్లి రేవు దాటే పంటు మీద ఒక కొత్త మనిషి కెమెరా తీస్తే, పెద్దల భుజాల సందుల్లోంచి పిల్లలు తలలు పెట్టి చూడడం సహజమే. ఆ చూపు కెమెరా వల్ల పుట్టింది కాబట్టి కృత్రిమమైపోదు. అక్కడ కుతూహలం రెండు వైపులా ఉంది: కెమెరా వారిని తొంగిచూస్తున్నది, వారు కెమెరాను తొంగిచూస్తున్నారు. ఇటువంటి చిత్రంలో పిల్లలు అడగకుండానే ఫోటో దిగుతారు. ఇష్టం లేనివారికి తల వెనక్కి తీసుకునే వీలు ఉండనే ఉంది. అడగడం సాధ్యం కానప్పుడు కెమెరాను దాచకపోవడం, మొహం తిప్పుకున్నవారిని వదిలివేయడం కనీస మర్యాద.

7. ముగింపు:
తొంగిచూపు ఛాయాచిత్రాన్ని విమర్శకులు మూడు ప్రశ్నలతో చదవవలసి ఉంది. చూస్తున్న మనిషికి, వీధికి మధ్య ఉన్న తలుపు ఎవరు వేసినది? కెమెరా ఉన్నదని ఆ మనిషికి తెలుసా? తీసిన చిత్రం ఎవరి ముందుకు పోతుంది? కాంతి, కూర్పు, వర్ణం వంటి రూపగుణాలను ఈ ప్రశ్నలు రద్దు చేయవు. ఆ గుణాలు దేనికి వినియోగమయ్యాయో తేటపరుస్తాయి. 2027లో గోదావరి పుష్కరాలు మళ్ళీ రానున్నాయి. ఈసారి స్నానఘట్టానికి వచ్చే ప్రతి చేతిలోను కెమెరా ఉన్న ఫోను ఉంటుందనవచ్చు. అందుచేత ఈ చర్చ ఛాయాగ్రాహకులకే పరిమితం కాదు. చూపు తిప్పుకోవడం అనే పాత రేవు మర్యాదను కెమెరాకు కూడా నేర్పగలిగినప్పుడే గోదావరి గట్టున ఫోటో తీయడం, ఫోటో దిగడం ఒకే పనికి రెండు పేర్లవుతాయి.