పులికి గోడ కడితే సరా?

జంతువుకి గోడ ఎత్తుగా కడితే చాలదా అనేవాళ్ళు, 2019లో వచ్చిన ‘ప్లానెట్ జూ’ అనే కంప్యూటర్ ఆట ఆడి చూడాలి. చింపాంజీ ఆవరణకి ఎగబాకడానికి వీల్లేని అంచు పెట్టకపోతే అది ఎక్కి అవతలికి దూకుతుంది. సరే, అంచూ పెట్టాం. ముచ్చటగా ఉంటుందని గోడ పక్కన ఓ బండరాయి వేశామా, అదే దానికి మెట్టు!

అన్నీ కుదిరినా కంచె రోజులు గడిచేకొద్దీ పాడవుతుంది. మెకానిక్‌ని పంపి బాగు చేయిస్తూ ఉండాలి. నాకు బాగా నచ్చింది ఇదే. కట్టినవాణ్ణి పొగుడుతారు గాని, రోజూ కనిపెట్టి చూసేవాళ్ళని ఎవరు తలుస్తారండీ? ఇల్లు నడిపే మనకిది కొత్తా! జనం చూపులకి జంతువు బెదరకుండా ఒకవైపు నుంచే కనబడే అద్దం కూడా ఇచ్చారు. మెచ్చుకోవాలి.

నా పేచీ వేరే. ఆటలో పులి బయటపడితే జనం కెవ్వున పరిగెడతారు, ఒక్కరికీ గోరుగీత పడదు. మత్తుసూది వేసి పట్టుకుంటారు, కథ కంచికి. 2007 డిసెంబరులో శాన్‌ఫ్రాన్సిస్కో జూలో టటియానా అనే ఆడపులి గోడ దాటి ఒక కుర్రవాణ్ణి చంపింది. పోలీసులు దాన్నీ కాల్చేశారు. ఆ గోడ 12.5 అడుగులు, అమెరికా జూల సంఘం సూచించిన ఎత్తు 16.4. ఆటలో అయితే ఆ నాలుగడుగులకి టిక్కెట్ల రాబడి కాస్త తగ్గుతుంది, అంతే.