పలకలు లేని విరూపణ: మౌలాలి గ్రానైటు, అంగారక లోయలు – ఒక పరిశీలన

‘టెక్టానిక్స్’కు తెలుగు శాస్త్రరచనలో ‘విరూపణ’ అన్న అనువాదం వాడుకలో ఉంది. అయితే ఆ మాట ఒంటరిగా కనిపించడం అరుదు. సాధారణంగా ‘పలక’ దానికి ముందు చేరి ఉంటుంది. ఈ జంట అలవాటుగా మారి ఒక అపోహకు తావిచ్చింది. పలకలు కదిలితేనే విరూపణ అనీ, పలకల అంచులకు దూరంగా ఉన్న సికింద్రాబాదు వంటి చోట చెప్పుకోదగినదేమీ లేదనీ దాని సారాంశం. ఇదే తర్కం ప్రకారం, నేడు భూమి తరహా పలకల చలనం లేని అంగారక, బుధ గ్రహాలకూ విరూపణ చరిత్ర ఉండకూడదు. వాస్తవం ఇందుకు భిన్నం.

1974–75లో మారినర్-10 పంపిన చిత్రాల్లో, బుధగ్రహంపై వందల కిలోమీటర్ల పొడవున సాగే మెట్ల వంటి చరియలు బయటపడ్డాయి. గ్రహగర్భం చల్లబడి కుంచించుకుపోగా, పటలంలో ఒక దిమ్మె పక్కదానిపైకి ఎక్కిన భ్రంశాలవి. మెసెంజర్ నౌక సమాచారం ఆధారంగా 2014లో వెలువడిన అంచనా ప్రకారం గ్రహ వ్యాసార్ధం 7 కిలోమీటర్ల దాకా తగ్గింది. అంతకన్న తక్కువేనన్న వాదనా ఉంది. దీనిని ఎండిన పండు ముడతలతో పోల్చడం పరిపాటి. తేలికైన ఉపమానమే, కాని తొక్క ముడుచుకుంటుంది. పైపటలపు శిల విరిగి జారుతుంది. ఉపమానం ఫలితాన్ని చూపి ప్రక్రియను మరుగుపరిచింది.

మౌలాలి గుట్ట విషయంలో దోషం మరోరకం. సుమారు 250 కోట్ల సంవత్సరాల నాటి ఆ గ్రానైటు గుండుపై ఉల్లిపొరల్లా లేచే పెచ్చులు భూచలనాల గుర్తులు కావు. పైనున్న శిలాభారం కోతకు తొలగిపోగా, ఒత్తిడి సడలి ఏర్పడిన బీటలవి. విరూపణకు సాక్ష్యం కావాలంటే ఈ ప్రాంతపు గ్రానైటును చీల్చుకుపోయే నల్లని డోలరైట్ డైకులను చూడాలి. పటలం సాగి పగిలినచోట శిలాద్రవం చొరబడి గట్టిపడిన గోడలవి.

అంగారకునిపై థార్సిస్ ఉబ్బు నుంచి నలుదిక్కులా వ్యాపించిన గ్రాబెన్‌లు, అంటే రెండు భ్రంశాల నడుమ నేల దిగబడిన పొడవాటి లోయలు, కొన్నింటి అడుగున ఇటువంటి డైకులే ఉన్నాయని శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు. అక్కడ లోయ కనిపిస్తుంది, డైకు కనిపించదు. ఇక్కడ కోత పైభాగాన్ని తుడిచిపెట్టగా లోతున గట్టిపడిన డైకే మిగిలింది. (పైన ఒకప్పుడు లోయ ఉండేదా అన్నదానికి సాక్ష్యం కూడా ఆ కోతతోనే పోయింది.) పైగా అంగారక విరూపణ ముగిసిన కథ కాదు. 2018 నవంబరులో దిగిన ఇన్‌సైట్ 2022 డిసెంబరు దాకా 1300కు పైగా కంపనాలను నమోదు చేసింది. స్థానం గుర్తించగలిగిన వాటిలో చాలావాటికి మూలం సెర్బెరస్ ఫోసే అనే గ్రాబెన్‌ల ప్రాంతమే.

కనుక ‘విరూపణ’ను సామాన్య పదంగా, ‘పలక విరూపణ’ను దానిలో ఒక ప్రత్యేక సందర్భంగా వేరుచేయడం అవసరం. బీట, భ్రంశం, డైకు మూడింటినీ ‘పగులు’ అన్న ఒక్క మాట కింద కలిపేయడమూ మానాలి. మౌలాలిలో క్షేత్రపాఠం చెప్పే అధ్యాపకుడు పరిభాషకన్న ముందు విద్యార్థిని అడగవలసినది ఒకటుంది: పగులుకు అటూ ఇటూ ఉన్న శిల జరిగిందా, లేదా?