ఆదాయం పెరిగినంత మాత్రాన వాగు బాగుపడదు

తలసరి ఆదాయం ఒక మెట్టు దాటేదాకా కాలుష్యం పెరుగుతుంది, ఆ తర్వాత తగ్గుముఖం పడుతుంది. 1990లలో అమెరికన్ ఆర్థికవేత్తలు గ్రాస్‌మన్, క్రూగర్ లెక్కలు కట్టి చూపిన సంగతి ఇది. అది దానంతటదే జరగదని వాళ్లే హెచ్చరించారు కూడా. మనవాళ్లు మాత్రం ముందు సంపాదిద్దాం, శుభ్రం సంగతి తర్వాత చూద్దాం అన్న వాదనకు దాన్నే ఆసరా చేసుకున్నారు. బ్రెజిల్‌లోని కుబతావ్‌నూ మన పటాన్‌చెరునూ పక్కపక్కన పెట్టి చూస్తే ఆ వాదన నిలబడదు.

కుబతావ్‌ను ఒకప్పుడు మృత్యులోయ అనేవారు. చమురు శుద్ధి, ఉక్కు, ఎరువుల కర్మాగారాల పొగకు కొండవాలు అడవి ఎండిపోయి మట్టిపెళ్లలు జారాయి. 1984లో పెట్రోలు పైపు కారి విల సోకో వాడ తగలబడితే అధికారిక లెక్క ప్రకారమే 93 మంది చనిపోయారు. అయితే శుద్ధి కార్యక్రమం అంతకు ముందే, 1983లో మొదలైంది. అప్పుడు బ్రెజిల్ అప్పుల ఊబిలో ఉంది, ఆదాయం పెరగడం లేదు. మారిందల్లా రాజకీయం. సైనిక పాలన సడలి, కుబతావ్ ఉన్న సావో పౌలో రాష్ట్ర ప్రజలు 1982లో తమ గవర్నరును తామే ఎన్నుకున్నారు. రాష్ట్ర కాలుష్య నియంత్రణ సంస్థ 320 కాలుష్య మూలాలను గుర్తించి, ఒక్కో దానికీ గడువు పెట్టింది. గాలి విషమించిన రోజున ఫ్యాక్టరీలను ఆపించింది. ఎర్రకంకణ పక్షులు మళ్లీ మడ అడవులకు చేరాయి. నేలలో పాతిన విషం పూర్తిగా పోలేదన్నదీ నిజమే.

పటాన్‌చెరులో జరిగింది దీనికి పూర్తిగా తలకిందులు. 1991 ఆర్థిక సంస్కరణల తర్వాత హైదరాబాద్ చుట్టూ డబ్బు పారింది, దాంతోపాటే బల్క్ డ్రగ్ ఫ్యాక్టరీల మురుగు నక్కవాగులో పారుతూనే ఉంది. బోరు నీళ్లు రంగు మారి, పొలాలు పడావు పడ్డాయి. 1990లోనే కేసు సుప్రీంకోర్టుకెక్కింది, 1994లో ఉమ్మడి శుద్ధి కేంద్రం వచ్చింది. 2007లో స్వీడన్ పరిశోధకులు ఆ కేంద్రం నుంచి శుద్ధయి బయటికొచ్చే నీటిని పరీక్షించారు. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉంది. ఆ మందు వాడే రోగి రక్తంలో కూడా అంత ఉండదు. మందులకు లొంగని సూక్ష్మజీవులు పుట్టడానికి ఇంతకన్నా అనువైన చోటు దొరకదు.

తర్వాత దొరికిన పరిష్కారం 18 కిలోమీటర్ల పైపు. మురుగును నక్కవాగు నుంచి తప్పించి అంబర్‌పేట మురుగు శుద్ధి కేంద్రానికి, అక్కడి నుంచి మూసీకి మళ్లించారు. వాగు దగ్గర కాలుష్యం లెక్క తగ్గింది కాబట్టి ఆదాయంతో పాటు పర్యావరణమూ మెరుగైందని రాసుకోవచ్చు. మూసీ నీళ్లతో గడ్డి, వరి పండించే దిగువ రైతులను మాత్రం ఆ లెక్కలో ఎవరూ కలపలేదు.